లె హావ్ర్ రేవులో ఒక గంట

2023 వేసవిలో నేను సౌదీ అరేబియాలో, అల్ ఖర్జ్‌లోని ఒక పాడి కంపెనీ ప్రధాన కార్యాలయంలో ట్రావెల్ కోఆర్డినేటర్‌గా ఉన్నాను. ఆ కుర్చీలో అప్పటికి పన్నెండేళ్ళు. అంతకుముందు కర్నూలులో ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. హోదా పేరు పెద్దది, పని చిన్నది. కంపెనీ పనిమీద ఎవరు ఎక్కడికి వెళ్ళినా టికెట్టు, వీసా, హోటలు, కారు చూడాలి. కార్మికులు సెలవు మీద వెళ్తుంటే, దేశం దాటి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం వేళకు చేతిలో పెట్టాలి. నియామక పత్రంలో లేని పని ఇంకొకటి ఉండేది. కంపెనీ యజమాని కుటుంబంతో ఎక్కడికి వెళ్ళినా ఆ ఏర్పాట్లు కూడా నావే. ఆయనను మేమంతా ముదీర్ అనేవాళ్ళం. ముదీర్ అంటే మేనేజరు. మా దగ్గర మేనేజర్లు పదిమంది ఉండేవారు, ముదీర్ మాత్రం ఒక్కరే.

ఆ ఏప్రిల్‌లో ఆయన నన్ను పిలిచి, కుటుంబమంతా ఓడ ప్రయాణం చేయబోతున్నామని చెప్పారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కి లిస్బన్‌లో దిగే క్రూజు. మధ్యలో ఫ్రాన్స్‌లో రెండు రేవులు: ఉత్తరాన లె హావ్ర్, పడమట లా రొషెల్. ఓడ టికెట్లు ఆయన కొడుకు అప్పటికే కొనేశాడు. ఫ్రాన్స్‌లో దిగి ఏం చూడాలో నిర్ణయించే పని నాకు వచ్చింది.

ఓడ రేవులో ఆగిన కొద్ది గంటల్లో దిగి, చూసి, తిరిగి ఎక్కే యాత్రను ఆ వ్యాపారంలో షోర్ ఎక్స్‌కర్షన్ అంటారు. ఇవి రెండు రకాలు. ఓడ కంపెనీయే అమ్మే యాత్రలో వెళితే, బస్సు ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా బండి మాట్లాడుకుని వెళితే ఆగదు. బయలుదేరడానికి అరగంట ముందు 'ఆల్ అబోర్డ్' వేళ ఉంటుంది. ఆ వేళకు అందరూ లోపల ఉండాలి. అప్పటికీ రానివారి పాస్‌పోర్టులు గదిలోంచి తీసి, గట్టు మీద ఏజెంటు చేతిలో పెట్టి, ఓడ వెళ్ళిపోతుంది. ఈ నిబంధనలో దయకు గాని, హోదాకు గాని చోటు లేదు. మా కార్యాలయంలో ఇలాంటి నిబంధన ఒక్కటి కూడా ఉండేది కాదు.

లె హావ్ర్‌ను బ్రోషర్లలో 'పారిస్ రేవు' అని రాస్తారు. కర్నూలు నుంచి హైదరాబాదు ఎంత దూరమో, లె హావ్ర్ నుంచి పారిస్ దాదాపు అంత దూరం. పొద్దున దిగి, బస్సెక్కి, మధ్యాహ్నానికి పారిస్ చేరి, ఇనుప గోపురం ముందు ఫొటో దిగి, మళ్ళీ బస్సెక్కి రావాలి. ముదీర్ భార్య, పిల్లలు ఏకగ్రీవంగా పారిస్ అన్నారు. వాళ్ళకు ఓడ వారి బస్సులో సీట్లు తీసుకున్నాను. అక్కడితో నా పని సగం అయిపోయిందనుకున్నాను.

మిగిలిన సగం ముదీర్ తల్లి. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు పనిచేయవు, చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. ఆ కుర్చీ తోసే మనిషి మస్తాన్ వలీ. రాయచోటివాడు, ఆ ఇంటి డ్రైవరు. పదేళ్ళుగా ఆమె మాట వింటూ ఇంటి అరబ్బీ అంతా నేర్చుకున్నాడు. ఆమె కోరిక ఏమిటో నాకు మొదట చెప్పింది కూడా అతనే.

"పెద్దమ్మకు పారిస్ వద్దంట సార్. ఆవును చూడాలంట."

"ఆవులు మన దగ్గరే వేలు ఉన్నాయి కదా?"

"మనవి కాదు సార్. పాలపాకెట్ మీద ఉండాది చూడు, ఆ ఆవు."

మా పాకెట్ మీద ఒక నల్ల తెల్ల మచ్చల ఆవు పచ్చని కొండవాలులో నిలబడి గడ్డి మేస్తూ ఉంటుంది. మా ఆవులు కొండను ఎన్నడూ చూడలేదు. రేకుల షెడ్లలో, పొగమంచులాగా నీళ్ళు చిమ్మే ఫ్యాన్ల కింద ఉంటాయి. కోసి కలిపిన మేత ట్రక్కులో వచ్చి వాటి ముందు పడుతుంది. ఎండ యాభై డిగ్రీలకు దగ్గరపడే చోట మరో దారి లేదు. పెద్దామె ఒకసారి షెడ్డు చూడడానికి వచ్చి, పాకెట్ చేత్తో పట్టుకుని, ఈ కొండ ఎక్కడుందని అడిగింది. షెడ్డులో ఉన్న ముగ్గురు మేనేజర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముదీర్ మాత్రం తడుముకోకుండా, అది ఫ్రాన్స్‌లో ఉందమ్మా అన్నారు. నిజానికి ఆ బొమ్మ ఏ దేశానిదో ప్రకటనల కంపెనీకి కూడా తెలియదు. కాని తల్లికి కొడుకు చెప్పిన మాట అది. ఆరేళ్ళ తరువాత ఓడ ఫ్రాన్స్ వైపు వెళ్తోందని తెలిసి, ఆమె ఆ మాట చెల్లించమని అడిగింది.

ముదీర్ నాతో అన్నది స్పష్టంగా గుర్తుంది. "మా అమ్మ నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఖాదర్. ఇది అడిగింది. పారిస్ తప్పిపోయినా ఫర్వాలేదు. ఆవు నిలబడి గడ్డి తినాలి, ఆమె చూడాలి."

లె హావ్ర్ నుంచి పెద్ద వంతెన దాటితే అంతా పచ్చిక బయళ్ళే. ఆవులకు పేరున్న ప్రాంతం. అయితే ఏ ఓడ కంపెనీ కూడా ఆవు గడ్డి తినడాన్ని యాత్రగా అమ్మదు. కాబట్టి తల్లికి, ముదీర్‌కి, మస్తాన్‌కి సొంత బండి. చక్రాల కుర్చీ ఎక్కే వ్యాను నడిపే ఒక ఫ్రెంచి మహిళకు ఉత్తరం రాశాను. మేడం ఏం చూడదలిచారని ఆమె అడిగింది. ఆవు గడ్డి మేయడం అని రాశాను. రెండు రోజులు జవాబు లేదు. తరువాత, తన ఇంగ్లీషు అంత మంచిది కాదనీ, ఇంకోసారి రాయమనీ కోరింది.

మా కార్యాలయం దీన్ని మామూలు పనిలాగే చూసింది. ఫ్రాన్స్‌లోని పొలంలో ఆవును చూడడానికి మూడు కొటేషన్లు కావాలని కొనుగోళ్ళ విభాగం అడిగింది. ఒక ఆవుకు మూడు కొటేషన్లు ఎలా తేవాలని అడిగితే, మూడు ఆవులు చూడండి అని జవాబు వచ్చింది. పశువైద్య విభాగం ఇంకా జాగ్రత్తగా ఉంది. పరాయి పశువులున్న చోటికి వెళ్ళివచ్చినవారు చెప్పులు మందునీళ్ళలో కడగాలి, కొన్ని రోజులు మా షెడ్లలోకి రాకూడదు. ఇది మంచి నిబంధనే. కాని ఆ ఫారం మీద పెద్దామె వేలిముద్ర తీసుకోవడానికి ముగ్గురు డాక్టర్లు కారులో ఇంటికి వెళ్ళారు. మస్తాన్ తన వీసా కోసం రియాద్‌లో వీసా ఆఫీసుకు వెళ్ళి వచ్చి నాతో చెప్పాడు: "ఏం పనికి పోతాండావని అడిగినారు సార్. పెద్దమ్మకు ఆవును చూపించేదానికి అన్నా. కౌంటర్ కాడ ఉండే ఆయమ్మ పెన్ను కింద పెట్టి మళ్ళా అడిగింది. మళ్ళా అదే చెప్పినా. ఇంగ ఏం అడగలా."

ఇక్కడ మా కార్యాలయపు ఒక ఆచారం గురించి చెప్పాలి. ముదీర్ ఎక్కడికైనా గంట ఆలస్యంగా వచ్చే మనిషి. అందుకని ఆయనకు ఇచ్చే ప్రతి కాగితంలోనూ అసలు వేళకు గంట ముందు వేళ రాసేవాళ్ళం. విమానం పదకొండుకైతే పది అని, సమావేశం నాలుగుకైతే మూడు అని. ఈ పద్ధతి నేను రాకముందు నుంచీ ఉంది. నాకు వింతగా తోచలేదు. పత్రికలో కూడా కాలమిస్టులకు ఎడిషన్ వేళ ముందుగానే చెప్పేవాళ్ళం. నా డైరీలో రెండు గడులు ఉండేవి: ఒకటి అసలు వేళ, ఒకటి ముదీర్ వేళ. పన్నెండేళ్ళలో ఆయనకు ఒక్క విమానం తప్పిపోలేదు. అందరికీ తెలిసిన ఈ సంగతి ఆయనకొక్కరికే తెలియదని మా నమ్మకం.

ఓడ విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. ఓడవాళ్ళు ఆల్ అబోర్డ్ వేళను ప్రతి గదిలోనూ కాగితం మీద పెడతారు, దిగేచోట బోర్డు మీద రాస్తారు. నా కాగితంలో నాలుగున్నర అని, బోర్డు మీద అయిదున్నర అని ఉంటే, పన్నెండేళ్ళ డైరీ ఒక్క పొద్దున బయటపడుతుంది. అందుకని ఉద్యోగంలో మొదటిసారి ఆయనకు నిజమైన వేళ రాశాను. అయిదున్నర. ఎర్ర అక్షరాలతో, కింద గీతతో. ఇది నిజమైన వేళ అని మాత్రం చెప్పలేదు. చెబితే మిగిలినవి ఏమిటని అడుగుతారు.

మస్తాన్ ఆ కాగితం చూశాడు. ఆ ఇంట్లో కార్లు నడిపేవాడు కాబట్టి, మా లెక్క అతనికి నోటికొచ్చు.

"సార్, ఇది మన టైమా, ఆయన టైమా?"

"ఓడ టైము. అయిదున్నర అంటే అయిదున్నరే. నువ్వే కనిపెట్టుకుని ఉండాలి."

"నేను చెబితే ఇంటాడా సార్? డ్రైవర్ చెప్పిన టైము యాడన్నా టైమా? నువ్వే ఒక్క మాట చెప్పేయ్. ఇదొక్కటీ నిజమని."

చెబుతానన్నాను. చెప్పలేదు. విమానాశ్రయంలో చెబుదామనుకుంటే ఆయన చుట్టూ పదిమంది ఉన్నారు. ఫోనులో చెబుదామనుకుంటే ఓడ ఎక్కేశారు. పైగా నా ప్రణాళికలో కావలసినంత వెసులుబాటు ఉంది. పదకొండుకు పొలం చేరాలి, రెండుకు బయలుదేరాలి, మూడుకల్లా ఓడలో ఉండాలి. ముదీర్ గంట ఆలస్యం చేసినా నాలుగే. ఆవు గడ్డి తినడానికి మూడు గంటలు చాలవా?

చాలలేదు. ఇక్కడ రాసేవన్నీ ఫ్రాన్స్ వేళలే. పన్నెండింటికి మస్తాన్ నుంచి ఫొటో వచ్చింది. పచ్చిక, ఆపిల్ చెట్లు, కంచె పక్కన చక్రాల కుర్చీలో పెద్దామె, ఆమె ఒళ్ళో పాలపాకెట్. చెట్ల కింద ఇరవై ఆవులు పడుకుని ఉన్నాయి.

ఒంటిగంటకు ఫోను. "పండుకోనుండాయి సార్. లేయడం లేదు."

ఇది నాకు తెలిసి ఉండవలసిన విషయం. పన్నెండేళ్ళు పాడి కంపెనీలో ఉన్నాను. ఆవు పొద్దున మేస్తుంది, మధ్యాహ్నం ఎండలో పడుకుని నెమరు వేస్తుంది, మళ్ళీ సాయంత్రం మేస్తుంది. నేను మూడు కొటేషన్లు తెచ్చాను, చెప్పులకు మందునీళ్ళు ఏర్పాటు చేశాను, హలాల్ మాంసం దొరక్కపోతే చేపకూర ఎక్కడ దొరుకుతుందో కూడా రాశాను. ఆవు ఎప్పుడు తింటుందో ఎవరినీ అడగలేదు. షెడ్డులో ట్రక్కు వచ్చినప్పుడల్లా తింటుంది కదా!

లేపమని ముదీర్ రైతును అడిగారట. లేపితే నిలబడతాయి, తినవు, అన్నాడట అతను. పడుకున్నవి మన దగ్గరా ఉన్నాయి, నిలబడి తినేదే చూడాలి అని పెద్దామె కూర్చుంది. నాలుగున్నర దాటాక లేస్తాయని రైతు చెప్పాడు.

నాలుగుంబావుకు మస్తాన్ మళ్ళీ ఫోను చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఇప్పుడు కదిలితేనే అందుకుంటాం అంటాండాది సార్ వ్యానమ్మ. దారిలో లేటయితాదంట, గేటు కాడ లైనంట. ముదీర్ ఏమో, ఇంకా గంట ఉండాదిలే అంటాండాడు."

ఫోను ముదీర్‌కి ఇవ్వమన్నాను. ఇక దాపరికానికి వేళ లేదు. సర్, అయిదున్నర అసలైన వేళ, వెంటనే బయలుదేరండి అన్నాను.

ఆయన నవ్వారు. "ఖాదర్, నువ్వు పది అంటే పదకొండు. పన్నెండేళ్ళుగా అంతే. నాకు తెలియదనుకున్నావా? ఆ లెక్క చూసుకునే కదా నేను గంట ఆగి బయలుదేరేది?"

మేము ఆయన ఆలస్యాన్ని లెక్కగట్టి గంట కలిపాం. ఆయన మా గంటను లెక్కగట్టి ఆలస్యంగా వచ్చారు. రెండు వైపులా ఇంత చక్కగా నడిచిన ఏర్పాటు కంపెనీలో మరొకటి లేదు.

"సర్, ఈ ఒక్కటీ నిజం."

"విమానాశ్రయానికి వెళ్ళే ప్రతిసారీ ఇదే అంటావు."

అది కూడా నిజమే. అలా అనడం పద్ధతిలో భాగం.

"బోర్డు మీద చూడలేదా సర్? ఓడవాళ్ళే రాశారు."

"చూశాను. వాళ్ళ ఆఫీసులో నీలాంటివాడే ఉంటాడు. ఆరింటికి కదిలే ఓడకు అయిదున్నర అని రాయడం ఏమిటి? వాళ్ళే ఒప్పుకుంటున్నారు కదా అరగంట కలిపామని. ఇంకో అరగంట దాచి ఉంటారు." ఆ తరువాత స్వరం మారింది. "అమ్మ అయిదు గంటలుగా కూర్చుని ఉంది. ఆవు లేవకుండా ఆమెను లేపుకుపోయి ఏం చెప్పను?" అని పెట్టేశారు.

నా మనసులో ఒక భాగం, బహుశా ఉద్యోగి కాని భాగం, ఆవు త్వరగా లేవాలని కోరుకుంది.

నాలుగు యాభైకి ఒక ఆవు లేచింది. మిగతావి దాని వెనక లేచాయి. మస్తాన్ వీడియో పంపాడు. తెల్లని ఒంటిమీద గోధుమరంగు మచ్చలు, కళ్ళ చుట్టూ కళ్ళజోడు పెట్టినట్టు గుండ్రటి మరకలు. నిలబడి, తల వంచి, నాలుకతో గడ్డి చుట్టి తెంపుతున్నాయి. ఆ తెంపే చప్పుడు వీడియోలో వినిపిస్తోంది. పెద్దామె పాకెట్ పైకెత్తి ఆవునూ బొమ్మనూ మార్చి మార్చి చూసింది.

"ఏమంటోంది?" అని ఫోను చేసి అడిగాను.

"ఈ ఆవు ఆ ఆవు కాదంట సార్. రంగు వేరంట. గడ్డి తినే మాట మాత్రం నిజమేనంట." అతనే మళ్ళీ అన్నాడు. "కండ్లు తుడుచుకుంటాండాది సార్. నేను ఆపక్క తిరిగినా."

అయిదూ ఇరవైకి బయలుదేరారు. ఆరుంబావుకు రేవు. అప్పుడు మస్తాన్ చేసిన ఫోను మా కార్యాలయంలో చాలాకాలం చెప్పుకున్నారు. "ఓడ కనబడతాండాది సార్. కాకపోతే నీళ్ళల్లో ఉండాది."

పారిస్ వెళ్ళిన భార్య, పిల్లలు ఓడవారి బస్సులో వచ్చి వేళకు ఎక్కేశారు. వాళ్ళు పై అంతస్తు నుంచి చేయి ఊపారు. ఏజెంటు వచ్చి, పేర్లు సరిచూసి, మూడు పాస్‌పోర్టులు ముదీర్ చేతిలో పెట్టాడు. నేను అక్కడే వాళ్ళకు హోటలు చూశాను. ఆ ఫ్రెంచి మహిళే మర్నాడు తన వ్యానులో వాళ్ళను లా రొషెల్ తీసుకువెళ్ళింది, అక్కడ మళ్ళీ ఓడ ఎక్కారు. దారిపొడుగునా ఆవులేనట. ఈ యాత్రకు కొటేషన్లు ఎవరూ అడగలేదు.

ముదీర్ తిరిగొచ్చిన రోజు నన్ను పిలిచారు. కార్యాలయంలో అందరూ నా వైపు చూడకుండా పని చేసుకుంటున్నారు, అంటే అందరూ నా గురించే ఆలోచిస్తున్నారు. ఫైనల్ ఎగ్జిట్ రాసి, ఉద్యోగం తీసేసి ఇంటికి పంపేస్తారనే నేనూ అనుకున్నాను. ఆయన గహ్వా, అంటే అరబ్బు కాఫీ, పోసి ఇచ్చి, బయలుదేరేముందే ఎందుకు చెప్పలేదని అడిగారు. చెబితే మిగిలినవి అబద్ధమని ఒప్పుకోవలసి వచ్చేదన్నాను. అది నాకు తెలుసు కదా అన్నారు. మీకు తెలుసని నాకు తెలియదన్నాను. "మా అమ్మ ఆవును చూసింది. అందుకని నువ్వు ఇక్కడే ఉన్నావు," అన్నారు.

మర్నాడు ఒక సర్క్యులర్ వచ్చింది: ఇకమీదట కాగితాల మీద అసలు వేళలే రాయాలి. రాశాం. ముదీర్ మాత్రం పాత అలవాటున గంట ఆగి బయలుదేరారు. జెద్దా విమానం ఒకటి తప్పిపోయింది, ఒక మంత్రిత్వ శాఖ అధికారి ఎదురుచూసి వెళ్ళిపోయాడు. మూడో వారంలో, ఎప్పటిలాగే రాయండి అని నోటిమాటగా కబురు వచ్చింది. సర్క్యులర్ మాత్రం గోడ మీద అలాగే ఉంది.

పెద్దామె ఊరుకోలేదు. మన ఆవులు కూడా నిలబడి గడ్డి తినాలని కొడుకు దగ్గర పట్టుబట్టింది. ఆ శీతాకాలం షెడ్డు పక్కన చిన్న పచ్చిక పెంచారు. నీళ్ళు పెట్టే పని నర్సయ్యకు ఇచ్చారు. జగిత్యాల మనిషి, షెడ్డులో ఫ్యాన్లు, నీళ్ళ పైపులు చూసేవాడు. ఒక గురువారం పెద్దామెను కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టి, గేటు తీసి, రెండు ఆవులను పచ్చికలోకి తోలారు. అవి గడ్డి వాసన చూసి, వెనక్కి తిరిగి, ఫ్యాను కిందికి వెళ్ళిపోయాయి. మళ్ళీ తోలారు. మళ్ళీ వెళ్ళిపోయాయి.

ఎందుకు తినడం లేదని నేను నర్సయ్యను అడిగాను.

"గడ్డి తినుడు ఎవ్వలు నేర్పిండ్రు సార్ వీటికి? పుట్టినకాడికెల్లి బండి అచ్చి ముంగట పోస్తె తిన్నయి. ఈడ ఫ్యాన్ కింద సల్లగున్నది. నేనైతె పోతనా, మీరైతె పోతరా?"

మస్తాన్ దాన్ని పెద్దామెకు అరబ్బీలో చెప్పాడు. ఆమె నవ్వి, ఇంటికి తీసుకుపొమ్మంది. ఆ పచ్చిక ఇప్పటికీ ఉందట. సందర్శకులు అక్కడ ఫొటోలు దిగుతారట.

మరుసటి ఏడాది నేను ఉద్యోగం ముగించుకుని వచ్చేశాను. నా తరువాతి ఉద్యోగికి ఇచ్చిన అప్పగింత పత్రంలో వేళల గురించి మూడు వాక్యాలు రాశాను. ముదీర్‌కి ఇచ్చే వేళలు అసలుకు గంట ముందువి. ఈ సంగతి ఆయనకు తెలుసు. ఓడలకు ఇది వర్తించదని ప్రతిసారీ ఆయనకు ముందుగా, నోటితో చెప్పాలి.

ఒక మనిషితో ఏళ్ళ తరబడి ఒక పద్ధతిలో పనిచేశాక, ఒక్కరోజు ఆ పద్ధతి తప్పదలిస్తే, ఆ మాట ఆయనకు ముందే చెప్పాలి. నేను నిజమైన వేళ రాస్తే చాలనుకున్నాను. పన్నెండేళ్ళు అబద్ధపు వేళలు రాసినవాడిని నేనే కాబట్టి చాలలేదు.